కడుపు నిండిన సున్న

మా వరండా బోర్డు మీద ఉన్నది ఒకే ఒక్క మాట. అందులో ఒక సున్న ఉంది. లోకంలో ఏ సున్నకైనా మధ్యలో ఖాళీ ఉంటుంది. మా సున్నకు లేదు. నిండుగా, సుష్ఠుగా తిని కూర్చున్నట్టు ఉంటుంది. దారినపోయేవాళ్ళు ఆగి మరీ, మీ సున్న పూడిపోయిందండీ అని నాకు చెప్పిపోతారు. బోర్డులు రాసే ఇంటి బోర్డు మీదే తప్పా అని ముసిముసిగా నవ్వుతారు కూడా. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. పిల్లలూ, మీరు చదివి మీ పెద్దవాళ్ళకు చెప్పండి. నన్ను మాత్రం వరండాలో నిలబెట్టకండి.

ఆ బోర్డు మా కోడలిది. తన పనే బోర్డులు రాయడం. దుకాణాలకు, బళ్ళకు, ఆస్పత్రులకు, ఎవరు అడిగితే వాళ్ళకు రాస్తుంది. వాళ్ళ నాన్న లారీల వెనక నంబర్లు రాసేవాడట, ఆయన దగ్గర నేర్చుకుంది. తన గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. వీధిలో నడిచేటప్పుడు మనుషుల్ని చూడదు, బోర్డుల్ని చూస్తుంది. ఎవరైనా అక్షరాలు ఇరికించి రాస్తే పంటినొప్పి వచ్చినట్టు మొహం పెడుతుంది. తనకు మాట తక్కువ, నాకు ఎక్కువ. అందుకే మా ఇద్దరికీ పడింది.

మావాడు బస్సు డ్రైవరు. డిపోలో బస్సు బోర్డులు రాయడానికి వచ్చిన ఈ అమ్మాయి, వాడి బస్సు బోర్డు వంకరగా ఉందని వాడి చేతే విప్పించి మళ్ళీ బిగింపజేసిందట. అప్పటికీ నచ్చలేదట, ఇంకోసారి విప్పమందట. ఆ వంకర తీరేలోపల ఇద్దరికీ మాట కలిసింది. చివరికి పెళ్ళి చేసుకుని మా ఇంటికి వచ్చింది.

వాడికి అప్పటికే ఒక కూతురు ఉంది. నా మొదటి కోడలు ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది, పాపకు ఇంకా మాటలు రాకముందే. బంగారంలాంటి పిల్ల. ఇప్పటికీ తలుచుకుంటే నా కళ్ళు ఊరుకోవు. పాపను నేనే పెంచాను. ఒక్కచోట నిలవదు గనక బొంగరం అని పిలిచాను. అసలు పేరు బళ్ళో తప్ప ఎవరూ వాడరు.

కొత్త మనిషి ఇంట్లోకి వచ్చాక బొంగరానికి ఒక చిక్కు వచ్చిపడింది. ఆవిడను ఏమని పిలవాలి? ఏమనీ పిలవలేదు. జడ వేస్తే వేయించుకునేది, పెడితే తినేది, పిలుపు మటుకు లేదు. ఏం కావాలన్నా గోడతో చెప్పేది. "నా రిబ్బను ఎక్కడుందో తెలిసినవాళ్ళు చెప్తే బావుండు" అని గోడకేసి అనేది. గోడకు తెలియదు గనక మా కోడలే లేచి రిబ్బను తెచ్చి ఇచ్చేది. అమ్మా అని పిలవమని మావాడు బుజ్జగించాడు, బతిమాలాడు. పిల్ల మూతి బిగించేసింది. దాని తప్పేముంది? ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ అమ్మా అని పిలిచి ఎరగదు. మాటలు వచ్చేసరికి పిలవడానికి మనిషి లేదు.

మా కోడలు ఒక్కరోజు కూడా నన్ను ఇలా పిలువు అని అడగలేదు. కాని సాయంత్రం గేటు చప్పుడు కాగానే చేతిలో పని ఆపి వినేది. "నాన్నమ్మా" అనే కేక వినిపించేది. మళ్ళీ తల వంచుకుని పని మొదలుపెట్టేది. రోజూ ఇదే తంతు.

ఇప్పుడు తన పనిగది గురించి చెప్పాలి. బోర్డంతా చేత్తో రాస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. అందుకని అక్షరాలను ఫిల్ములో కత్తిరించి, ఆ ఫిల్మును బోర్డుకు అంటించి, పైన స్పాంజితో రంగు అద్దుతుంది. ఫిల్ము తీసేస్తే అక్షరాలు మిగులుతాయి. అలా కత్తిరించిన ఫిల్మును అచ్చు అంటుంది. ఫిల్ములంటే మరేవో కావు, పాత ఎక్స్‌రేలు. పాతసామాన్లవాడు తెచ్చి ఇస్తాడు. వేణ్ణీళ్ళలో నానబెట్టి ఎంత రుద్దినా లోపలి బొమ్మ పూర్తిగా పోదు. అందుకే మా ఇంట్లో 'దుకాణం' అనే మాట ఎవరిదో మోకాలి మీద ఉంటుంది. 'కార్యాలయం' ఎవరి వెన్నుపూస మీదో ఉంటుంది.

తను మాటల్ని ముక్కలుగా దాచుకుంటుంది. ఒకరు చెప్పులదుకాణం అంటారు, ఇంకొకరు రొట్టెలదుకాణం అంటారు. ఎవరికి వాళ్ళకు 'దుకాణం' కోస్తూ కూర్చోవడం ఎందుకు? కిటికీ వైపు గోడకు మేకులు కొట్టి ముందుముక్కలు తగిలించింది: చెప్పుల, రొట్టెల, మందుల, పాల, వంట, ఆట, రంగుల. తలుపు వైపు గోడకు వెనకముక్కలు: దుకాణం, గది, బండి, సీసా, కేంద్రం. అక్కణ్ణించి ఒకటి, ఇక్కణ్ణించి ఒకటి తీసి పక్కపక్కన అంటిస్తే బోర్డు తయారు.

ఇంకొక్క సంగతి, ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది. అచ్చులో గుండ్రని అక్షరం చుట్టూ కోసేస్తే మధ్యముక్క ఊడి కింద పడిపోతుంది. అందుకని పూర్తిగా కోయకుండా అక్కడక్కడ సన్నని పట్టీ వదిలేయాలి. ఆ పట్టీని వంతెన అంటుంది మా కోడలు. వంతెన మరిచిపోతే సున్న కడుపు రాలిపోతుంది. రంగు వేస్తే సున్న పడదు, బండచుక్క పడుతుంది.

బొంగరం మూడో తరగతిలో ఉండగా బళ్ళో సమాసాలు మొదలుపెట్టారు. ఆ పేరు వినగానే పిల్లకు సగం జ్వరం వచ్చింది. రెండు మాటలు కలిసి ఒకటైనవి ఇంటి దగ్గర వెతుక్కుని రమ్మన్నారట. నన్ను అడిగింది. నాకు తిట్లు తప్ప వ్యాకరణం రాదు, పనిగదిలో అడగమన్నాను. కావాలనే అన్నానని ఇప్పుడు చెబితే తప్పు లేదు.

చాలాసేపు గడప మీద ఒంటికాలితో నిలబడి, చివరికి ఎప్పట్లాగే గోడకు చెప్పుకుంది. మా కోడలు తల ఎత్తకుండానే, ఆ గోడ నుంచి ఒకటి, ఈ గోడ నుంచి ఒకటి తెమ్మంది. బొంగరం ఎగిరి అందిన మేకు నుంచి 'పాల' తీసింది, రెండో గోడ నుంచి 'గది' తీసింది. రెండూ నేల మీద పక్కపక్కన పెట్టింది. పాలగది. ఆ గదిలో ఏముంటుందని మా కోడలు చాలా గంభీరంగా అడిగింది. గోడ నుంచి గోడ దాకా పాలేనట, తలుపు తీస్తే వీధిలోకి వచ్చేస్తాయట. అయితే తలుపుకు మంచి గడియ పెట్టించాలి అంది మా కోడలు. తరవాత చెప్పులసీసా వచ్చింది. ఆ తరవాత ఆటబండి, మందులగది, రొట్టెలసీసా. వంటింట్లో ఉన్న నాకు పనిగదిలోంచి పిల్ల నవ్వు వినిపించింది. ఆ గదిలోంచి ఆ నవ్వు రావడం అదే మొదలు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నేను కదల్లేదు.

అలా రోజూ మొదలైంది. బడి నుంచి రావడం, పుస్తకాలసంచి విసిరేయడం, గోడల మీద పడడం. మీకు సమాసం అంటే భయం ఉంటే మా బొంగరం నేర్చుకున్నట్టే నేర్చుకోండి. ఇలాంటి మాటల్లో వెనకముక్క వస్తువు, ముందుముక్క దాని సంగతి చెబుతుంది. వంటగది అంటే గదే. ఏ గది? వంట చేసుకునేది. ముక్కలు తారుమారు చేసి చూడండి, వస్తువే మారిపోతుంది. పాలసీసా అంటే సీసా. సీసాపాలు అంటే పాలు. పాలసీసా ఖాళీ అయినా పాలసీసాయే, కడిగి బోర్లిస్తాం. సీసాపాలు తాగేస్తే ఇక లేవు. ఈ సంగతి బొంగరం నాకు చెప్పి, రుజువు చేయడానికి సీసా ఖాళీ చేసి చూపించింది. పొద్దున్న టీకి పాలు లేకుండా పోయాయి.

కొన్ని మాటల్లో ఇద్దరూ సమానమే, ఎవరూ ఎవరి సంగతీ చెప్పరు. అన్నదమ్ములు, తల్లిదండ్రులు, సూదిదారం. కొన్ని శుద్ధ అబద్ధాలకోరులు. పిల్లిమొగ్గలో పిల్లీ లేదు, మొగ్గా లేదు. నమ్మకపోతే చూడమని బొంగరం ముందుగదిలో ఒకటి వేసి రంగుడబ్బాను తన్నింది. గాడిదగుడ్డు సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ నాన్నతో గొలుసాట ఆడేది. వెనకముక్కను పట్టుకుని కొత్త మాట మొదలుపెట్టాలి. గుండుసూది, సూదిమందు, మందుసీసా, సీసామూత. మూత దగ్గర మావాడు రోజూ ఇరుక్కుపోయేవాడు. బస్సు నడపడం తేలిక అనేవాడు.

ఒకనాడు నేను కూర్చున్న చోటికి పరుగెత్తుకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"నాన్నమ్మా, నువ్వు రెండు ముక్కలు."

నాకు కోపం వచ్చింది. పిల్ల వివరంగా చెప్పింది. నాన్న ఒక ముక్క, అమ్మ ఒక ముక్క. ముందుముక్క ఎవరి తరఫో చెబుతుంది, వెనకముక్క అమ్మ. మరి ఎక్కడా అతుకు కనపడదేమని దాని సందేహం. కొన్ని మాటలు పక్కపక్కన కూర్చుంటాయి, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అప్పుడు అచ్చు ఒక్కటిగానే కోయాలని లోపలి నుంచి మా కోడలు చెప్పింది. అన్నేళ్ళూ పిల్ల నోట్లో సగంగా అమ్మ ఉందని నాకూ అప్పుడే తట్టింది. ఇంత ఆటాడినా, ఇంత నవ్వినా, మా కోడలికి పిలుపు మాత్రం రాలేదు. గేటు చప్పుడైతే ఇంకా చెవి అటే వేసేది.

మా ఎదురింటావిడ మనసు చెడ్డది కాదు, నోటికి గడియ లేదు. ఒక సాయంత్రం మా గేటు దగ్గరే నిలబడి ఎవరితోనో, సవతితల్లి అయినా పాపం పిల్లను బాగానే చూసుకుంటోంది అంది. మెచ్చుకోలుగానే అంది. పిల్ల వెనకే ఉందన్న స్పృహ లేదు. బొంగరం తిన్నగా పనిగదిలోకి వెళ్ళింది. ఎదురింటికి వెళ్ళి గట్టిగా నాలుగు దులిపేద్దామని నేను చెప్పులు తొడుక్కున్నాను. లోపల పిల్ల అడుగుతున్నది విని ఆగిపోయాను. 'సవతి' ఏ మేకుకు ఉందని అడుగుతోంది.

స్పాంజి కింద పెట్టిన చప్పుడైంది. తరవాత మా కోడలు మెల్లిగా చెప్పింది.

"ఆ ముక్క మన దగ్గర లేదు. సవతి అంటే మీ అమ్మకి పోటీ అని. మీ అమ్మని నేను చూడను కూడా లేదు బొంగరం, ఆవిడతో నాకు పోటీ ఏంటి? వెనకముక్క నాకిష్టమే. ఆ ముందుముక్కే నాది కాదు."

"మరి నీ ముందుముక్క ఏది?"

"నాకూ తెలీదు. నువ్వు వెతుకు. దొరక్కపోతే ఏ ముక్కా వద్దులే, ఇలాగే ఆడుకుందాం."

నీ అని పిల్ల ఆవిడతో నేరుగా అనడం అదే మొదటిసారి. నేను చెప్పులు విప్పేశాను. ఎదురింటావిడ బతికిపోయింది.

తరవాతి ఆదివారం మావాడూ కోడలూ కలిసి ఒక దుకాణానికి బోర్డు బిగించడానికి వెళ్ళారు. నేను మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాను. లేచేసరికి ఇల్లంతా సద్దుమణిగి ఉంది. మా ఇంట్లో అది మంచి లక్షణం కాదు. పనిగదిలోకి వెళ్ళి చూస్తే బొంగరం నేల మీద బోర్లా పడుకుని బ్లేడుతో పెద్ద ఫిల్మును కోస్తోంది. ముందు బ్లేడు లాక్కున్నాను. వేలు తెగితే ఎవరు జవాబు చెబుతారని కేకలేశాను. అప్పుడు పక్కన పడున్న కవరు కనపడింది.

పాతబడిన గోధుమరంగు కవరు. మావాడి బీరువా పైఅరలో ఉండేది. లోపల నా మొదటి కోడలి ఛాతీ ఎక్స్‌రే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు దాన్ని ఎన్నడూ తెరవలేదు. పారేయడానికి చేతులు రాలేదు, చూడడానికి ధైర్యం రాలేదు. పనిగదిలో ఉన్నవన్నీ చిన్న ముక్కలే, పెద్ద ఫిల్ము అయిపోయింది. ఎక్స్‌రే అంటే అచ్చు కోసుకునేదని తప్ప ఆ పిల్లకు ఇంకేం తెలుసు? కుర్చీ ఎక్కి తీసుకుంది.

నేను అక్కడే చతికిలబడ్డాను. అదే సమయానికి వాళ్ళిద్దరూ వచ్చారు. మావాడు కవరును చూశాడు, ఫిల్మును చూశాడు, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. బొంగరానికి ఏదో జరిగిందని అర్థమైంది గాని ఏమిటో తెలియలేదు. బిక్కమొహం వేసింది. అయినా ఫిల్ము తీసి మా కోడలికి ఇచ్చింది.

మా కోడలు దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుంది. పక్కటెముకల మధ్య నుంచి వెలుతురు అక్షరాలుగా లోపలికి వచ్చింది. రంగులమ్మ.

ఎక్కడా అతుకు లేదు, ఒక్కటిగా కోసింది. 'ర' కు వంతెన పెట్టింది, 'మ' కు పెట్టింది, సున్న దగ్గర మరిచిపోయింది. దాని కడుపు రాలి నేల మీద పడి ఉంది. ఫిల్ము అంచున నా మొదటి కోడలి పేరు సన్నగా ఉంది. మా కోడలు అది చదివింది. చదివి, ఫిల్మును రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుంది.

"ఇది అమ్మ ఎక్స్‌రే తల్లీ" అన్నాడు మావాడు చివరికి.

"పాడుచేశానా?" అంది బొంగరం.

మావాడు వచ్చి పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. "లేదు. నేనే కవర్లో దాచేశాను. నువ్వు బయటికి తీశావు" అన్నాడు. అంటూనే పిల్లను దగ్గరికి లాక్కుని ఏడ్చాడు. నేను మటుకు ఏం తక్కువ, ముక్కు చీదుతూనే ఉన్నాను.

ఆ ఫిల్ము మీద రంగు పడకూడదని మా కోడలు పట్టుబట్టింది. దాన్ని పలక మీద పరిచి, కోసిన అంచుల వెంట పెన్సిలుతో గీసి, ఫిల్మును తుడిచి భద్రంగా తీసేసింది. తరవాత ఆ గీతల మధ్య కుంచెతో రంగు నింపింది. సున్న దగ్గరికి వచ్చేసరికి బొంగరమే, లోపల ఇంకో గుండ్రం గీసేయమని, తను మరిచిపోయిందని చెప్పింది. మా కోడలు ఒప్పుకోలేదు. నువ్వు ఎలా కోశావో అలాగే ఉంటుంది అంది. ఒక్క అక్షరం పక్కకు ఒరిగితే బోర్డంతా చెరిపి మళ్ళీ రాసే మనిషి, ఆ సున్నను నిండుగా నింపి పెట్టింది. రాలిన గుండ్రని ముక్కను మావాడు ఏరి జేబులో వేసుకున్నాడు. ఇప్పటికీ వాడి లైసెన్సు కవరులో ఉంది. ఫిల్ము పనిగది కిటికీకి ఉంది.

మరునాడు పొద్దున మా కోడలు స్టూలెక్కి వరండాలో బోర్డు బిగిస్తోంది. బొంగరం సంచి తగిలించుకుని గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరగలేదు, గేటుకేసి చూస్తూనే అరిచింది.

"బడికి వెళ్ళొస్తా రంగులమ్మా."

అని పరుగు లంకించుకుంది. మా కోడలు నోట్లో మరలు పెట్టుకుని ఉంది, జవాబు చెప్పడానికి వీల్లేదు. ఊఁ అని మాత్రం అంది. పిల్ల వీధి మలుపు తిరిగి చాలాసేపయినా స్టూలు దిగలేదు. నేనే వెళ్ళి, ఆ మరలు మింగుతావు, ముందు బయటికి తియ్యి అని కేకలేశాను.

ఇదీ మా సున్న కథ. ఆ సున్న సరిచేయమని దారినపోయేవాళ్ళు ఎవరైనా సలహా ఇస్తే, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మా కోడలికి చురుక్కున కోపం వస్తుంది. ఆ బోర్డు జోలికి రావద్దని మొహం మీదే చెప్పేస్తుంది. నేనైతే ఇంకా బాగా చెప్పగలను గాని, నన్ను చెప్పనివ్వదు.

బొంగరం ఇప్పుడు హైస్కూలుకు వెళుతోంది. నాకంటే పొడుగైంది. మొన్న సాయంత్రం ఆకలి మీద ఉరుకుతూ వచ్చి, గేటు తీస్తూనే "అమ్మా, తినడానికేముంది" అంది. ఉత్త అమ్మా. నా చేతిలో గిన్నె ఎక్కడిదక్కడ ఆగింది. పనిగదిలో మా కోడలు కూడా ఆగిపోయింది. బోర్డు పక్కన పెట్టి వరండాలోకి వచ్చింది.

"ముందుముక్క ఏమైంది?"

"తొందరలో మింగేశాను."

"మింగకు తల్లీ. వెనకముక్కలో మీ అమ్మా ఉంది, నేనూ ఉన్నాను. ముందుముక్క ఒక్కటే కదా నువ్వు నాకోసం వెతికింది."

బొంగరం ఒక్క నిమిషం ఆవిడ మొహంలోకి చూసింది. ఆ తరవాత గేటు తీసుకుని మళ్ళీ బయటికి వెళ్ళింది. మళ్ళీ గేటు తోసుకుని లోపలికి వచ్చి, ఈసారి నోరారా మొత్తం మాట పిలిచింది. వీధి చివరి దాకా వినిపించింది. ఎవరిని పిలుస్తున్నారోనని ఎదురింటావిడ కూడా బయటికి వచ్చి చూసింది.